బండి తరఫు ప్లీడరు

ఈ భూమ్మీద ఇంతవరకు ఒక్క కారు కూడా చెడిపోలేదని, చెడిపోయినవాళ్లంతా వాటిని నడిపేవాళ్లేనని ఆ సర్వీసు సెంటరు హెడ్ మెకానిక్కు నమ్మకం. నమ్మకమంటే అవసరానికి బయటికి తీసి, అవసరం తీరాక దాచుకునే రకం కాదు. పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం ఆరింటికి దించేదాకా వచ్చిన ప్రతి మనిషికీ మొహం మీదే చెప్పే రకం. అందుకే అందరూ అతన్ని ప్లీడరు అనేవాళ్లు. బండి ఎప్పుడూ నిర్దోషి. ముద్దాయి ఎప్పుడూ యజమాని. తీర్పు ముందే అయిపోయి ఉండేది. విచారణ కేవలం తన వినోదం కోసం.

"టైరు పంక్చరైందండీ" అని ఎవరైనా అంటే చాలు.

"అయిందా, చేశావా?"

"మేకు గుచ్చుకుందండీ."

"మేకు రోడ్డు మీద పడుకుని ఉంది. అదేమన్నా లేచి పరిగెత్తుకొచ్చి గుచ్చిందా? దాని మీదికి ఎక్కించింది నువ్వు. బండేం చేసింది పాపం, నువ్వు తిప్పిన వైపు తిరిగింది. దానికదే బుద్ధి తక్కువ."

ఇంజను వేడెక్కి పొగలు కక్కుతున్న కారుని తోయించుకుంటూ ఒక లెక్చరరు వచ్చాడు. ప్లీడరు బానెట్ ఎత్తలేదు. అది తర్వాతి సంగతి. ముందు సాక్ష్యం కావాలి.

"వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటి ఎంతసేపైంది?"

"గమనించలేదండీ. ఫోన్లో ఉన్నాను."

"జ్వరమొచ్చింది, జ్వరమొచ్చింది అని అది మొత్తుకుంటూనే ఉంది. అయ్యగారు ఫోన్లో ఉన్నారు. పిల్లలకి ఏం చెబుతారు మీరు?"

"భౌతికశాస్త్రం."

ప్లీడరు కారు వైపు తిరిగి, "విన్నావుగా" అన్నాడు.

ఇంత నోటి దురుసు మనిషి దగ్గరికి జనం ఎందుకొచ్చేవాళ్లంటే, అతని చెయ్యి పడ్డ బండి మళ్లీ ఏడాదిదాకా నోరెత్తేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరి సంగతేమో గానీ, కార్లు బాగుపడటానికి నోటితో పనిలేదని ప్లీడరు ముప్ఫై ఏళ్లుగా రుజువు చేస్తున్నాడు.

ఈ నోటికీ జనం చెవులకీ మధ్య అడ్డంగా నిలబడ్డ మనిషి కౌంటరక్క. నలభై దాటిన మనిషి. కస్టమర్లు, మెకానిక్కులు, ఆఖరికి ఆమె కంటే వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు. పేరుకి రిసెప్షను, చేసేది అనువాదం. ప్లీడరు భాషలోంచి మర్యాద భాషలోకి పదకొండేళ్లుగా తర్జుమా చేస్తోంది.

"క్లచ్చి మీద కాలు పెట్టుకుని నిద్రపోతాడేమో అడుగమ్మాయ్! అది కాళ్లు చాపుకునే పీట కాదని చెప్పు!" అని ర్యాంపు కిందనుంచి ప్లీడరు అరిచేవాడు.

"సార్, క్లచ్ కాస్త ఎక్కువ వాడినట్టున్నారు. మేం చూసుకుంటాం" అనేది అక్క.

"ఆయన అన్నది ఇంతకంటే పొడుగ్గా ఉందే?"

"ఆయనకి వివరంగా చెప్పే అలవాటు సార్."

అసలు తలనొప్పి జాబ్ కార్డుతో. ప్రతి కారుకీ ఒక కార్డుంటుంది. అందులో "కంప్లైంటు" అని ఒక గడి ఉంటుంది. లోకమంతా అందులో కారు మీద యజమాని ఇచ్చే ఫిర్యాదు రాస్తుంది. ప్లీడరు మాత్రం యజమాని మీద కారు ఇచ్చే ఫిర్యాదు రాసేవాడు. "హ్యాండ్ బ్రేకు తియ్యకుండా నన్ను రెండు కిలోమీటర్లు ఈడ్చుకెళ్లాడు. పైగా కాలిన వాసనొస్తోందని నా మీదే నేరం మోపాడు." ఇలా. అక్క రోజూ ఆ కార్డులన్నీ ఇంకో కార్డు మీద మనుషుల భాషలో తిరగరాసి ఫైల్లో పెట్టి, అసలువి అట్టపెట్టెలో పడేసేది. చించేద్దామని చాలాసార్లు అనుకుంది. చదివాక నవ్వొచ్చి ఆగిపోయేది.

ఇంకో గుణం కూడా ఉంది, అది అక్కకి బొత్తిగా నచ్చనిది. అప్పుడప్పుడు ఏదో ఒక బండి పని అంతా అయిపోయినట్టే కనిపించేది. ప్లీడరు మాత్రం తాళం జేబులో వేసుకుని "పార్టు రాలేదు" అనేవాడు. రెండు రోజులు. ఒక్కోసారి నాలుగు. ఆయన ఆ రెండు ముక్కలూ అనేసి ర్యాంపు కిందికి దూరేవాడు. కౌంటరు దగ్గర తిట్లు తినేది అక్క.

"నేనెంత బిజీయో తెలుసా మీకు?" అని బల్ల గుద్దేవాళ్లు.

తెలియక ఏం? ఆ కౌంటరు ముందుకి బిజీ కాని మనిషి వచ్చి ఏళ్లయింది. ఎవర్ని కదిపినా బిజీ. దేంట్లో బిజీ అంటే చెప్పే తీరిక ఉండదు. కారు కోసం పని చేస్తున్నాడో, పని కోసం కారు నడుపుతున్నాడో ఎవడికీ తెలియదు. ఆ తెలియకపోవడానికే కెరీర్ అని గౌరవంగా పేరు పెట్టుకున్నారు.

ఇలా జరుగుతుండగా సెంటరు చేతులు మారింది. కొత్త కంపెనీ కొత్త మేనేజర్ని పంపింది. ముప్ఫై రెండేళ్ల కుర్రవాడు, చేతిలో రెండు ఫోన్లు, మొహం మీద ఒక చిరునవ్వు. ఫోన్లు అప్పుడప్పుడన్నా కింద పెట్టేవాడు, చిరునవ్వు దించేవాడు కాదు. వారం తిరక్కుండానే వర్క్‌షాపంతా అతన్ని చిరునవ్వు సార్ అనడం మొదలెట్టింది.

చిరునవ్వు సార్ గోడలనిండా సూక్తులు అంటించాడు. అన్నిటికంటే పెద్దది "కస్టమరే దేవుడు". ప్లీడరు దాన్ని రెండుసార్లు చదివి, "ఏ దేవుడన్నా ఇంజనాయిలు మార్చకుండా ఇరవైవేల కిలోమీటర్లు తిరిగాడా?" అని అడిగాడు. సమాధానంగా మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఏ కస్టమరు ఏం చెప్పినా ముందుగా "మీ బాధ మాకర్థమైంది" అనాలని నేర్పారు. అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పలేదు, సిలబస్‌లో లేదు. నాలుగో రోజు ప్లీడరు మొదటి కస్టమరుతో బుద్ధిగా, "మీ బాధ నాకర్థమైంది, మీకే ఇంకా అర్థం కాలేదు" అన్నాడు.

కస్టమర్లు పోతూ పోతూ నొక్కాలని గుమ్మం దగ్గర ఒక మిషను పెట్టారు. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఐదు బొమ్మలు. ప్లీడరు చూసిన కార్ల వాళ్లు ఏడుపు మొహాన్ని ఎంత గట్టిగా నొక్కారంటే, రెండు నెలల్లో ఆ బటను లోపలికి పోయి మళ్లీ పైకి రాలేదు. ఆ బండ్లలో ఒక్కటి కూడా తిరిగి రిపేరుకి రాలేదన్న సంగతి నమోదు చేసే బటను ఆ మిషన్లో లేదు.

ఒక సోమవారం చిరునవ్వు సార్ అక్కని గదిలోకి పిలిచాడు.

"మేడమ్, పెద్దాయన్ని పంపించేద్దామనుకుంటున్నాను. నోటి సంగతి వదిలేద్దాం. ఈ 'పార్టు రాలేదు' ఏంటి? మూడేళ్లలో ఎన్ని బండ్లు అలా ఆపాడో లిస్టు తయారుచేయండి. గురువారం పొద్దున తొమ్మిదింటికి హెడ్డాఫీసులో మీటింగుంది. లెటరూ లిస్టూ పెట్టి పెద్దసారు సంతకం తీసుకొస్తాను. ఆయన మళ్లీ రెండు నెలలదాకా దొరకడు."

"అంటే ఉద్యోగం తీసేస్తారా సార్?"

"బాధగానే ఉంది" అన్నాడు చిరునవ్వు సార్, నవ్వుతూ.

ప్లీడరుకి యాభై ఎనిమిది. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లు ఉంది. ఆ నోటికి ఇంకో చోట పని దొరకదని అక్కకి తెలుసు. అయినా, నిజం చెప్పుకోవాలంటే, లిస్టు మొదలుపెట్టినప్పుడు ఆమెకి లోపల ఎక్కడో చల్లగానే ఉంది. పదకొండేళ్లు ఇంకొకరి తిట్లు తిన్న మనిషికి ఆ మాత్రం పుణ్యం దక్కాలి.

కార్డులన్నీ తిరగేస్తే ఇరవై మూడు బండ్లు తేలాయి. ఏ పార్టు రాలేదో రాయాలి కదా అని స్టోరు రిజిస్టరు తెప్పించింది. ఇరవై మూడింట్లో ఒక్కదానికి కూడా పార్టు రాకపోవడం కాదు, అసలు ఆర్డరే పెట్టలేదు. ముప్ఫై ఏళ్లు ఉత్తముడిలా జనాన్ని కడిగేసిన పెద్దమనిషి పచ్చి అబద్ధాలకోరన్నమాట.

దొంగ దొరికాడని, అసలు కార్డుల అట్టపెట్టె తీసి ఆ ఇరవై మూడూ ఏరింది. ఒక మందుల కంపెనీ ఏజెంటుది: "వారంలో మూడుసార్లు నా ఎడమ బుగ్గ గోడకి రాశాడు. నా చూపు బాగానే ఉంది. మూడు రోజులు." ఒక నర్సుది: "బ్రేకు ఆఖరి క్షణంలో తొక్కుతోంది. తొక్కేటప్పుడు ఉలిక్కిపడి తొక్కుతోంది. ప్యాడ్లు మార్చారు. మార్చాల్సింది ప్యాడ్లు కాదు. రెండు రోజులు." ఒక ఇంజనీరుది: "సీటు పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది. దిండు, టవలు, టీ కప్పులు పదకొండు. వీడికి ఇల్లున్నట్టు అడ్రసులో రాసుంది, నాకు నమ్మకం లేదు. నాలుగు రోజులు."

అక్క కార్డుల్లోని రోజుల్ని, బండి ఆగిన రోజులతో సరిచూసింది. ఒక్కటీ తప్పలేదు.

టీ వేళకి ప్లీడరు దగ్గరికి వెళ్లి, ఆ కార్డుల కట్ట ముందు పడేసింది.

"ఏంటిది ప్లీడరు గారూ?"

"కార్డులు."

"పార్టు ఆర్డరే పెట్టకుండా పార్టు రాలేదన్నారేంటి?"

"బండి అలిసిపోయింది. రెస్టిచ్చాను."

"బండి అలిసిపోతుందా?"

"మరి మనిషి అలిసిపోయాడంటే ఒప్పుకుంటాడా?" అన్నాడు ప్లీడరు, ఆమెదే తప్పన్నట్టు కసురుతూ. "కళ్లు మూసుకుపోతున్నాయి, ఇంటికెళ్లి పడుకోరా అంటే తీరిక లేదంటాడు. ఏకంగా మీద పడతాడు. అదే బండి కదలదు అన్నామనుకో, నోరు మూసుకుని ఇంటికి పోతాడు. బండి మాటకున్న విలువ వాడి ప్రాణానికి లేదు. నేనేం చెయ్యను?"

అక్క, పుస్తకాలు చదివే మనిషి కాబట్టి, గొంతు తగ్గించి అడిగింది. "మీవాళ్లెవరన్నా... ఎప్పుడన్నా... నిద్రమత్తులో యాక్సిడెంటు..."

"కథలు బాగా చదువుతావనుకుంటా" అన్నాడు ప్లీడరు. "మావాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారు. గోడకి గుద్దితే పాడయ్యేది బండి. దాని తరఫున నేను తప్ప మాట్లాడే దిక్కెవరు?"

"అయితే ఈ మాట మేనేజరుకి చెప్పండి. గురువారం మీ ఉద్యోగం తీసేసే కాయితం మీద సంతకం పెట్టించుకొస్తున్నాడు."

"ఏమని చెప్పాలి? కస్టమర్లకి అబద్ధం చెప్పానని? చెప్పాను. అందులో దాపరికమేముంది?"

మాట గట్టిగానే ఉంది. కానీ టీ గ్లాసు పెట్టబోయి బల్ల అంచున పెట్టాడు. పడిపోతుంటే అక్కే పట్టుకుంది.

"నేను చెబుతాను సారుకి."

"చెప్పావంటే ఊరుకోను. దయాదాక్షిణ్యాలని గోడ మీద అంటిస్తాడు, కింద నా ఫొటో పెడతాడు. దానికంటే ఇంటికి పోవడం నయం."

బుధవారం పొద్దున చిరునవ్వు సార్ తన కారునే ర్యాంపు ముందు ఆపాడు. ఎడమ పక్క అద్దం పగిలి ఉంది. మనిషి చిరునవ్వు యథాస్థానంలోనే ఉంది గానీ దాని మీద కళ్లు మాత్రం రెండు గుంటల్లో ఉన్నాయి. హెడ్డాఫీసు గంటగంటకీ లెక్కలడుగుతోంది. నెల రోజులుగా ఆయన రోజుకి మూడు గంటలకి మించి పడుకోలేదని ఆయనే అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

"పెద్దాయనా, బండి ఎడమకి లాగుతోంది. రేపు తెల్లవారకముందే బయల్దేరాలి, నాలుగ్గంటల ప్రయాణం. సాయంత్రానికి కావాలి."

తనని పంపించే కాయితం మోసుకెళ్లే బండి అదేనని ప్లీడరుకి తెలుసు. తెలుసని చిరునవ్వు సారుకి తెలియదు. అక్క కౌంటరు దగ్గర్నుంచి చూస్తోంది.

ప్లీడరు బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. స్టీరింగు వదిలేసినా గీత గీసినట్టు తిన్నగా పోతోంది. ఎడమ టైర్ల అంచులు చూశాడు, ఫుట్‌పాతుకి రాసుకుని చెక్కులు లేచి ఉన్నాయి. లోపల చూశాడు. తర్వాత బానెట్ మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదు" అన్నాడు.

సాయంత్రం ఐదింటికి చిరునవ్వు సార్ వచ్చాడు.

"అయిందా?"

"పార్టు రాలేదు."

రెండు నెలల్లో మొదటిసారిగా ఆ మొహం మీంచి చిరునవ్వు జారి కిందపడింది. "ఏ పార్టు?"

"ముఖ్యమైంది."

"నాతోనే ఆటలా? మేడమ్! స్టోరు రిజిస్టరు తెరవండి. ఈ బండికి ఏ పార్టు ఆర్డరు పెట్టారో చదవండి. ఇప్పుడే తేలిపోవాలి!"

అక్క రిజిస్టరు తెరిచింది. పేజీ ఖాళీగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివితే ప్లీడరు సంగతి ఆ క్షణమే తేలిపోతుంది, తాళం జేబులోంచి బయటికొస్తుంది, తెల్లవారుజామున ఆ గుంటకళ్లు స్టీరింగు వెనక కూర్చుంటాయి. పదకొండేళ్లుగా ఆమె ఒక మనిషి తిట్లని మర్యాదగా మార్చింది. ఇప్పుడొక ఖాళీ పేజీని మార్చాలి, అంతే.

"పెట్టాం సార్. రాలేదు" అంది. ఒక్క క్షణం ఆగి, శిక్షణలో చెప్పినట్టే తల కాస్త పక్కకి వంచి, "మీ బాధ మాకర్థమైంది" అంది.

చిరునవ్వు సార్ ఆమెని, ప్లీడర్ని, గోడ మీది దేవుడి సూక్తిని మార్చి మార్చి చూశాడు. లెటరూ, అక్క పేర్లు మాత్రమే టైపు చేసిచ్చిన లిస్టూ సంచిలో పెట్టుకుని బస్సు టైములు కనుక్కోవడానికి వెళ్లిపోయాడు.

గురువారమంతా అక్కకి చేతులాడలేదు. సంతకం తొమ్మిదింటికి అయిపోయి ఉంటుంది. పదింటికి ఫోనొస్తుందనుకుంది. రాలేదు. పదకొండింటికి హెడ్డాఫీసు వాళ్లే ఫోను చేశారు. "మీ మేనేజరెక్కడ? ఫోనెత్తడేం?" అని. అక్క తెలియదంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చేశారు. ఆమెకి భయం పట్టుకుంది. ప్లీడరు మాత్రం చిరునవ్వు సారు కారు కడుగుతున్నాడు, కడిగిందే మళ్లీ కడుగుతున్నాడు.

సాయంత్రం ఐదింటికి చిరునవ్వు సార్ నడుచుకుంటూ వచ్చాడు. జుట్టు ఒక పక్కంతా అణిగిపోయి ఉంది. బుగ్గ మీద బస్సు సీటు కుట్టు అచ్చు పడింది. కళ్లు మాత్రం ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు తేటగా ఉన్నాయి.

"ఏమైంది సార్? సంతకం..." అంది అక్క.

"మూడో స్టాపు దాకా గుర్తుంది" అన్నాడాయన, తనకే నమ్మకం కలగనట్టు. "హెడ్డాఫీసు దాటిపోయింది. ఆఖరి డిపోలో కండక్టరు లేపాడు. మధ్యాహ్నం పన్నెండు. నాలుగుసార్లు కుదిపాడంట. పోయానేమోనని డ్రైవర్ని కూడా పిలిచాడంట."

"తర్వాత హెడ్డాఫీసుకి వెళ్లారా?"

"తిరిగొచ్చే బస్సెక్కాను. అక్కడ దిగుదామనే అనుకున్నాను." కాస్త సిగ్గుపడ్డాడు. "మళ్లీ పట్టేసింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి అందరికీ చాలా పని పడింది.

చిరునవ్వు సార్ తన కారు దగ్గరికి వెళ్లాడు. పక్కన మార్చేసిన పాత ఎడమ టైరు నిలబెట్టి ఉంది, అంచులు చెక్కులు లేచి, లోపలి తీగలు బయటపడి. దాన్ని వేలితో తడిమి, చాలాసేపు చూశాడు.

"బండి ఎడమకి లాగడం లేదు కదూ?"

"లేదు" అన్నాడు ప్లీడరు.

"మరి ఆ పార్టు?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

"డిపోలో కండక్టరు లేపినప్పుడు" అని, ప్లీడరు తాళం చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోకుండా, "తోలడం రాకపోతే బస్సులోనే తిరుగు. ఎర్రగా బుర్రగా ఉన్న బండిని చేతికందిన గోడకల్లా రాసి, పైగా అదే లాగుతోందని చాడీలు చెబుతావా? సిగ్గుండాలి" అన్నాడు.

మూడు రోజుల శిక్షణ పెట్టించిన మేనేజరు అన్నీ విన్నాడు. వర్క్‌షాపులో ఇరవై మంది ముందు, తలొంచుకుని, ముద్దాయిలా విన్నాడు. తర్వాత కౌంటరు దగ్గరికొచ్చి సంచిలోంచి లిస్టు తీశాడు.

అక్క అందుకుని చూసింది. "ఇరవై మూడు పేర్లున్నాయి సార్. నిన్నటిది కలిపితే ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగోది కూడా టైపు చెయ్యనా? బండి ఎందుకాగిందో కారణం రాయాల్సొస్తుంది."

చిరునవ్వు సార్ ఆమె వైపు చూశాడు. బుగ్గ మీది కుట్టు అచ్చు తడుముకున్నాడు. అంతలో ఫోను మోగింది. హెడ్డాఫీసు. ఒకసారి గొంతు సవరించుకుని ఎత్తాడు.

"సార్... అవును సార్... ఆ మెకానిక్కు లిస్టేనా? లేదు సార్, పూర్తికాలేదు." వెనక్కి తిరిగి ర్యాంపు వైపు చూశాడు. "ఇప్పట్లో అయ్యేలా లేదు సార్. పార్టు రాలేదు."